క్యూబాలో అధ్యయన యాత్ర: చరిత్రను, దృశ్యకళను, కట్టడాలను అక్కడికక్కడే చదువుకోవడం ఎలా?

క్యూబాకు వెళ్లి అక్కడి చరిత్రనూ కట్టడాలనూ చిత్రకళనూ పద్ధతిగా చదువుకోవాలంటే ఎలా సిద్ధం కావాలి, దేని తర్వాత ఏది చూడాలి అని ఆర్కిటెక్చర్ విద్యార్థులూ, లలితకళలు చదువుతున్నవారూ, ఉద్యోగ విరమణ తర్వాత తీరికగా ప్రయాణాలు చేస్తున్న ఉపాధ్యాయులూ తరచుగా అడుగుతున్నారు. రెండు వారాల వ్యవధి, మితమైన ఖర్చు, స్పానిష్ అంతంతమాత్రంగా వచ్చిన మనిషి అనే అంచనాతో ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

యాత్ర పొడవునా రెండు ప్రశ్నలను వదలకండి. ఈ కట్టడానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఇప్పుడు దీని బాగోగులు ఎవరు చూస్తున్నారు? కోట అయినా, చెరకు జమీందారు మేడ అయినా, సినిమా పోస్టరు అయినా ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతికితే చరిత్ర దానంతట అదే బయటపడుతుంది.

1. టికెట్ కొనక ముందే అంశాన్ని కుదించుకోండి

"క్యూబా చరిత్ర" అనేది రెండు వారాల్లో చదవగలిగే అంశం కాదు. ఒక చిన్న ప్రశ్నను ఎంచుకుని, దాని చుట్టూ ప్రయాణాన్ని అల్లుకోవాలి. చెరకు డబ్బు పట్టణ రూపాన్ని ఎలా మార్చింది, 1959 విప్లవం తర్వాత ఇళ్ల వాడకం ఎలా మారింది, రంగు గాజు కిటికీల నుంచి ఆధునిక చిత్రకళకు ఏం సంక్రమించింది, 1960ల పోస్టర్లు వీధిలో ఎలా కనిపించేవి – ఇలాంటివి సరిపోతాయి.

ఊళ్ల సంఖ్యను కూడా అంతే కచ్చితంగా తగ్గించండి. మొదటి యాత్రకు హవానా, సియెన్‌ఫ్యూగోస్, ట్రినిదాద్ చాలు. సాంటియాగో దె క్యూబా చరిత్రపరంగా చాలా ముఖ్యమైనదే. 1953 జూలై 26న ఫిదెల్ కాస్త్రో బృందం దాడి చేసిన మొంకాదా సైనిక స్థావరం, స్వాతంత్ర్య పోరాట నాయకుడు, కవి హోసె మార్తీ సమాధి ఉన్న శాంతా ఇఫిహేనియా శ్మశానం అక్కడివే. అయితే అది హవానాకు 850 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది, రవాణా నమ్మకంగా ఉండదు. దానిని మరో యాత్రకు అట్టిపెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

2. ఒక పేజీ కాలపట్టికను చేతితో రాసుకోండి

ఎక్కడి నుంచో దించుకోకుండా సొంతంగా రాసుకుంటే, వీధిలో నిలబడినప్పుడు సంవత్సరాలు గుర్తుకు వస్తాయి. కనీసం ఇవి ఉండాలి:

- 1519: హవానా పట్టణం ఇప్పుడున్న రేవు దగ్గర స్థిరపడింది. అమెరికా ఖండాల వెండి, బంగారాలను స్పెయిన్‌కు మోసే ఓడలు ఇక్కడ కూడి బయలుదేరేవి. కోటలు వెలసింది అందుకే.
- 1762: ఆంగ్లేయులు హవానాను పట్టుకున్నారు. మరుసటి ఏడాది స్పెయిన్ దానిని తిరిగి పొంది, వెంటనే కబాన్యా కోట కట్టడం మొదలుపెట్టింది.
- 1791: హైతీలో బానిసల తిరుగుబాటు. అక్కడ కూలిన చక్కెర వ్యాపారం క్యూబాకు మళ్లింది.
- 1837: హవానా నుంచి బెహుకాల్‌కు రైలు మార్గం. తర్వాతి కాలంలో ఈ పట్టాల మీద ప్రధానంగా కదిలింది చక్కెరే.
- 1886: బానిసత్వం రద్దు.
- 1898, 1902: స్పెయిన్ పాలన ముగిసింది, అమెరికా సైన్యం దిగింది, తర్వాత గణతంత్రం ఏర్పడింది. అమెరికా జోక్యానికి వీలిచ్చిన ప్లాట్ సవరణ 1934 వరకు అమలులో ఉంది.
- 1920: చక్కెర ధర ఆకాశాన్నంటి, అదే ఏడాది కుప్పకూలింది.
- 1952: బాతిస్తా సైనిక కుట్ర. అపార్ట్‌మెంట్లను ఫ్లాట్ల వారీగా సొంతం చేసుకునే చట్టం కూడా ఈ ఏడాదిదే.
- 1959, 1960: బాతిస్తాను దించిన ఫిదెల్ కాస్త్రో విప్లవ విజయం, ఆ మరుసటి ఏడాది అక్టోబరులో అద్దెదారులను యజమానులుగా మార్చిన పట్టణ సంస్కరణ చట్టం.
- 1991: సోవియట్ యూనియన్ పతనం. సిమెంటు, ఇంధనం, ఆహారం అన్నిటికీ కొరత.

పట్టికకు కుడివైపు సగం పేజీ ఖాళీగా వదలండి. చూసిన ప్రతి కట్టడం పేరునూ దాని సంవత్సరానికి ఎదురుగా రాస్తూ పోవాలి. వారం తిరిగేసరికి ఏ కాలం నిండిందో, ఏ కాలం ఖాళీగా మిగిలిందో కనబడుతుంది. మిగిలిన రోజులను ఆ ఖాళీలను బట్టి సర్దుకోవచ్చు.

3. వీసా, అనుమతులు: ఎవరికి ఏది వర్తిస్తుంది?

భారత పాస్‌పోర్టు ఉన్నవారు పర్యాటక ఈ-వీసా, ప్రయాణ వైద్య బీమా, రాకకు ముందు ఆన్‌లైన్‌లో నింపే డి-వియాహెరోస్ ఫారం సిద్ధం చేసుకోవాలి. ఢిల్లీలోని క్యూబా రాయబార కార్యాలయంలో తాజా నిబంధనలను సరిచూసుకోండి. మన దేశం నుంచి నేరుగా విమానం లేదు, మాడ్రిడ్ లేదా ఇస్తాంబుల్ మీదుగా వెళ్లడం మామూలు. దారిలో దిగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో టికెట్ కొనక ముందే చూసుకోవాలి.

ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. పర్యాటక వీసా మీద వీధులు, మ్యూజియంలు చూడవచ్చు, బొమ్మలు గీసుకోవచ్చు. జాతీయ ఆర్కైవ్స్‌లో దస్తావేజులు తిరగేయాలన్నా, అధికారికంగా పరిశోధన చేయాలన్నా ఒక క్యూబా సంస్థ ఆహ్వానంతో తీసుకునే విద్యా వీసా అవసరం. దానికి నెలలు పట్టవచ్చు. కాబట్టి ఆర్కైవ్ పని మీ ప్రణాళికలో ఉందో లేదో ముందే తేల్చుకోండి.

అమెరికాలో ఉంటున్న తెలుగువారి సంగతి వేరు. అమెరికా పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవారికీ, ఏ దేశస్థులైనా సరే అమెరికా నుంచి బయలుదేరేవారికీ కేవలం పర్యాటకం కోసం క్యూబాకు వెళ్లడానికి అమెరికా చట్టం ఒప్పుకోదు. అనుమతించిన 12 కారణాల్లో ఏదో ఒకదాని కిందికి యాత్ర రావాలి. దానికి తగిన రోజువారీ కార్యక్రమం ఉండాలి, నిషేధిత జాబితాలోని హోటళ్లలో దిగకూడదు, కాగితాలను 10 ఏళ్లు భద్రపరచాలి. అమెరికా బ్యాంకుల కార్డులు క్యూబాలో పనిచేయవు.

బ్రిటన్ వంటి దేశాల పాస్‌పోర్టు తీసుకున్నవారు మరొకటి గమనించాలి. 2021 జనవరి 12న గానీ, ఆ తర్వాత గానీ క్యూబాలో అడుగుపెట్టినవారు అమెరికాకు వీసా లేకుండా వెళ్లే ఎస్టా సౌకర్యాన్ని వాడుకోలేరు, మామూలు వీసాకు దరఖాస్తు చేసుకోవలసిందే.

4. డబ్బు, కరెంటు, సామాను

విదేశీయుల కోసం ఉండిన మార్పిడి పెసోను 2021లో రద్దు చేశారు. ఇప్పుడు వాడుకలో ఉన్నది క్యూబా పెసో. అధికారిక మారకం రేటుకూ వీధి రేటుకూ పెద్ద తేడా ఉంటుంది కాబట్టి, ఒకేసారి ఎక్కువ మార్చకుండా రెండు మూడు రోజులకు సరిపడా మార్చుకోవడం మంచిది. కార్డుల మీద భరోసా పెట్టుకోకుండా యూరో నోట్లు, వాటిలోనూ చిన్న నోట్లు, తీసుకెళ్లండి.

కరెంటు కోతలు తీవ్రంగా ఉన్నాయి. 2024 అక్టోబరులో దేశమంతటా గ్రిడ్ కుప్పకూలింది, ఆ తర్వాత కూడా పరిస్థితి కుదుటపడలేదు. ఇంధన కొరత వల్ల బస్సులు రద్దవుతాయి, మ్యూజియంలు వేళలు మార్చుకుంటాయి. బయలుదేరే వారంలో పరిస్థితి ఎలా ఉందో మీరు దిగబోయే ఇంటివారినే అడగండి. వార్తల కంటే వారి మాట పనికొస్తుంది.

నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వాతావరణం నడకకు అనువుగా ఉంటుంది. జూన్ నుంచి నవంబరు చివరి దాకా తుపాన్ల కాలం.

సామాను సరిచూసుకోవలసిన జాబితా:

- గీతలు లేని స్కెచ్ పుస్తకం, పెన్సిళ్లు, మూడు మీటర్ల టేపు
- చిన్న బైనాక్యులర్ (పైఅంతస్తుల కిటికీలు, చూరు అలంకారాలు చూడటానికి)
- పవర్ బ్యాంక్, తలకు కట్టుకునే టార్చి
- 110 వోల్టులకు పనిచేసే ఛార్జర్, పలక పిన్నుల అడాప్టర్
- ఇంటర్నెట్ లేకుండా పనిచేసే పటం, స్పానిష్ నిఘంటువు (ఫోన్‌లో ముందే దింపుకోవాలి)
- మామూలుగా వాడే మందులు మొత్తం యాత్రకు సరిపడా, ఓఆర్‌ఎస్ పొట్లాలు
- డ్రోన్ మాత్రం వద్దు, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు

శాకాహారులకు అన్నం, నల్ల చిక్కుడు గింజలు ప్రతిచోటా దొరుకుతాయి. అయితే రెంటినీ కలిపి వండే కోంగ్రీలో పంది కొవ్వు వేయడం మామూలు కాబట్టి ఇంటివారికి ముందురోజే చెప్పాలి.

5. బస, చిరునామా చదవడం

కాసా పర్తికులార్ అనే ప్రైవేటు ఇళ్లలో గది తీసుకోండి. గుమ్మం మీద లంగరులాంటి నీలి గుర్తు ఉంటుంది. ఖర్చు తగ్గడం ఒక లాభమైతే, పాత ఇంటిని లోపలి నుంచి రోజంతా గమనించే అవకాశం అంతకంటే పెద్ద లాభం. వీలైతే హవానాలో రెండు పేటల్లో, పాత హవానాలో కొన్నాళ్లు, వెదాదోలో కొన్నాళ్లు ఉండండి.

హవానా చిరునామాలో ఇంటి వీధి పేరు తర్వాత, దానిని అటూ ఇటూ కోసే రెండు వీధుల పేర్లు ఉంటాయి. "23వ వీధి, ఎల్, ఎమ్ వీధుల మధ్య" అన్నట్లు రాస్తారు. వెదాదోలో సముద్రానికి సమాంతరంగా సాగే వీధులకు బేసి సంఖ్యలు, వాటిని అడ్డంగా కోసేవాటికి పాసెయో రహదారికి ఒకవైపు అక్షరాలు, మరోవైపు సరి సంఖ్యలు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే పటం తీయకుండా నడవవచ్చు. మీ నోట్సులో కూడా ఇదే పద్ధతిలో చిరునామా రాసుకోండి.

6. పాత హవానా: నాలుగు చౌకులను ఏ వరుసలో చూడాలి?

చాలామంది కెథడ్రల్ దగ్గర మొదలుపెట్టి, అలసిపోయేదాకా తిరిగి, చివరికి ఏది ముందుదో ఏది తర్వాతదో తెలియక తికమకపడతారు. కింది వరుసలో నడుస్తూ, ఒక్కోదాని సంవత్సరాన్ని కాలపట్టికలో చూసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ప్లాజా దె ఆర్మాస్‌లో మొదలుపెట్టండి. అక్కడి రెయాల్ ఫ్వెర్సా కోట 16వ శతాబ్దం నాటిది. దాని నాలుగు మూలలా బాణపు మొనల్లా పొడుచుకొచ్చిన బురుజులు ఫిరంగుల కాలపు లెక్కలకు తగినట్లు కట్టినవి. చౌకుకు పడమర వైపు గవర్నర్ల భవనం ముందు వీధికి రాళ్లకు బదులు చెక్క దిమ్మెలు పరిచి ఉంటాయి, వంగి చూస్తే కలప నార కనబడుతుంది. తూర్పున 1828 నాటి ఎల్ తెంప్లేతే అనే చిన్న మందిరంలో ఫ్రెంచి చిత్రకారుడు వెర్మే వేసిన పెద్ద చిత్రాలు ఉన్నాయి. ఆయనే 1818లో మొదలైన శాన్ అలెహాంద్రో కళా అకాడమీకి తొలి అధిపతి. స్పెయిన్ అధికారానికి కావలసిన బొమ్మలు ఎలా తయారయ్యాయో తెలుసుకోవడానికి ఇక్కడ కాసేపు కూర్చోండి.

తర్వాత కెథడ్రల్ చౌకుకు వెళ్లండి. జెసూట్లు (ఒక కాథలిక్ మతసంఘం వారు) 1748లో మొదలుపెట్టిన చర్చి ఇది. వారిని స్పెయిన్ 1767లో వెళ్లగొట్టింది, కట్టడం 1777లో పూర్తయింది. ముందుగోడకు చెయ్యి ఆనేంత దగ్గరకు వెళితే సున్నపురాయిలో గవ్వల, పగడాల అచ్చులు కనిపిస్తాయి. ఊరి తీరంలో తవ్విన రాయి అది. రెండు గోపురాల వెడల్పు ఒకటి కాదు, స్కెచ్ వేస్తే తప్ప చాలామందికి ఈ తేడా పట్టుబడదు.

శాన్ ఫ్రాన్సిస్కో చౌకును రేవు వ్యాపారాన్ని దృష్టిలో పెట్టుకుని చూస్తూ దాటి, ప్లాజా వియేహా దగ్గర ఎక్కువసేపు ఆగండి. 1952లో ఈ చౌకు కింద కార్ల పార్కింగ్ కట్టి, నేలను ఎత్తు చేశారు. 1990లలో దానిని కూల్చి చౌకును మళ్లీ పాత మట్టానికి తెచ్చారు. అంటే మీరు చూస్తున్న "పాత" చౌకు నిజానికి ఒక పునరుద్ధరణ. దానికి డబ్బు ఎలా వచ్చిందనేది తెలుసుకోవలసిన విషయం. 1982లో యునెస్కో పాత హవానాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1993 నాటి ఒక డిక్రీతో నగర చరిత్రకారుడి కార్యాలయానికి సొంతంగా హోటళ్లు, దుకాణాలు నడిపి, ఆ ఆదాయంతో మరమ్మతులు చేసే అధికారం దక్కింది. నగర చరిత్రకారుడు ఎవుసెబియో లెయాల్ 1967 నుంచి 2020లో మరణించే వరకు ఆ కార్యాలయానికి నాయకత్వం వహించారు.

చౌకు మూలన కామెరా ఒబ్స్కురా (బయటి దృశ్యాన్ని చీకటి గదిలో చూపే పరికరం) ఉన్న మేడ పైకి ఎక్కితే చుట్టుపక్కల కప్పులన్నీ కనిపిస్తాయి. నీళ్ల ట్యాంకులు, కొత్తగా లేపిన గదులు, ఆరేసిన బట్టలు, కూలిన భాగాలు లెక్కపెట్టండి. కింద చూసిన రంగు వేసిన ముఖాలకూ, పైన కనిపించే దానికీ ఉన్న తేడాను ఒక పేరాలో రాసుకుంటే ఆ రోజు పని పూర్తయినట్లే.

కోటల్లో మొర్రో, కబాన్యా రెండూ రేవుకు అవతల ఉన్నాయి. మొర్రో పని 1589లో ఇటలీ ఇంజనీరు అంతొనెల్లీ చేతుల మీదుగా మొదలైంది. సాయంత్రం వెళితే కబాన్యాలో రాత్రి తొమ్మిదికి పేల్చే ఫిరంగిని కూడా చూడవచ్చు. నగర ద్వారాలు మూసే వేళను తెలిపే పాత ఆచారం అది.

7. ఒక ఇంటికి ఒక పేజీ: చదివే క్రమం

ఈ యాత్రలో అన్నిటికంటే విలువైన పని ఇదే. రోజుకు మూడు కట్టడాలకు మించవద్దు. ఫోటో తీయక ముందు కనీసం పది నిమిషాలు బొమ్మ గీయాలనే నియమం పెట్టుకోండి.

1. వీధికి అవతలి వైపు నిలబడి ముందుభాగం గీయండి. అంతస్తులు, ద్వారాలు, వరండా స్తంభాల లెక్క రాయండి.
2. వెడల్పును అడుగులతో కొలవండి. కింది అంతస్తు ఎత్తును తలుపు ఎత్తుతో పోల్చి అంచనా వేయండి.
3. కిటికీలను విడిగా గీయండి. నేల నుంచి లేచే ఊచల కిటికీయా, చెక్క పలకల షట్టరా, పైన అర్ధచంద్రాకారపు రంగు గాజు ఉందా?
4. అనుమతి ఉంటే లోపలికి వెళ్లి నడవ, పాటియో (ఇంటి నడిమి ఖాళీ స్థలం), మెట్లు ఎక్కడున్నాయో ప్లాను గీయండి.
5. ఆనవాళ్లు వెతకండి. మూసేసిన తలుపు, కొత్త మీటరు, తర్వాత కట్టిన గోడ, తుప్పు పట్టిన ఇనుప దూలం.
6. పేజీ అడుగున డబ్బు ఎక్కడిది, ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు అనే రెండు ప్రశ్నలకు తెలిసినంత జవాబు రాయండి. తెలియకపోతే ఖాళీ వదలండి.

గోదావరి జిల్లాల మండువా లోగిలిని చూసినవారికి పాటియో వెంటనే అర్థమవుతుంది. గాలికీ వెలుతురుకూ నడిమి ఖాళీ, చుట్టూ నడవ, వాన నీరు తొట్టిలోకి పోయే ఏర్పాటు ఇక్కడా ఉన్నాయి. అయితే హవానా వ్యాపారి మేడలో కింద సరుకు, మధ్యలో తక్కువ ఎత్తు అరలో గుమస్తాలు, బానిసలు, పైన యజమాని కుటుంబం ఉండేవారు. మెట్లు ఎక్కుతూ పైకప్పు ఎత్తు మారడాన్ని గమనిస్తే ఆ ఇంట్లో ఎవరి స్థాయి ఎంతో తెలిసిపోతుంది.

రంగు గాజు చంద్రవంక పేరు మెదియోపుంతో. దాని కింద మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి నిలబడి చూడండి. నేల మీద పడే నీలం, ఎరుపు మచ్చలు జరగడమే కాక, ఎండ వేడి తగ్గి గదికి వెలుతురు ఎలా అందుతోందో తెలుస్తుంది.

ఇక బర్బకోవా గురించి. పాత ఇళ్ల పైకప్పులు చాలా ఎత్తు కాబట్టి, కుటుంబం పెరిగినప్పుడు మధ్యలో ఒక అటక అంతస్తు వేసుకుంటారు. వీధిలో నిలబడి దానిని పసిగట్టవచ్చు. ఒకే పొడవాటి కిటికీని నేల అంచు ఒకటి అడ్డంగా కోస్తూ కనిపిస్తే లోపల బర్బకోవా ఉన్నట్లే. సముద్రపు ఉప్పు గాలి దూలాల ఇనుమును తింటుంది, అటకలు, నీళ్ల ట్యాంకులు బరువు పెంచుతాయి, మరమ్మతుకు సిమెంటు దొరకదు. పాత హవానా పక్క పేట అయిన సెంత్రో హవానాలో మేడలు కూలడానికి ఈ మూడూ కలిసి కారణం. బీటలు వారిన బాల్కనీల కింద నిలబడి గీయవద్దు.

8. వెదాదో: ఒకే కూడలిలో నాలుగు కాలాలు

19వ శతాబ్దం మధ్యలో గళ్లుగా వేసిన పేట వెదాదో. ప్రతి ఇంటి ముందు ఐదు మీటర్ల తోట, నాలుగు మీటర్ల వరండా వదలాలన్న నిబంధన ఉండేది. ఈ రెండు కొలతలను పట్టుకుని ఒక వీధి పొడవునా నడిస్తే, ఎక్కడ నిబంధన పాటించారో, ఎక్కడ తోటను గ్యారేజీగానో టిఫిన్ కొట్టుగానో మార్చారో స్పష్టంగా కనబడుతుంది.

తర్వాత 23వ వీధి, ఎల్ వీధి కలిసే కూడలిలో ఒక పూట గడపండి. 1947 నాటి యారా సినిమాహాలు రేడియో వ్యాపారపు సొమ్ముతో లేచిన కట్టడం. ఎదురుగా 1958లో హిల్టన్ పేరుతో తెరుచుకున్న హోటల్. 1959 జనవరిలో ఫిదెల్ కాస్త్రో అందులోనే మకాం పెట్టారు, తర్వాత అది హవానా లిబ్రే అయింది. మరో మూల తోటలో, మారియో హిరోనా రూపకల్పనలో 1966లో వచ్చిన కొప్పేలియా ఐస్‌క్రీం శాల. సంపన్నుల క్లబ్బుకు తగిన నిర్మాణాన్ని మామూలు జనం ఐస్‌క్రీం తినే చోటుకు వాడటం ఆనాటి రాజకీయాన్ని సూటిగా చెబుతుంది. ఆ పక్కనే కె వీధి దగ్గర 2025లో తెరిచిన ఎత్తైన హోటల్ మేడ నిలబడి ఉంది. ఇళ్లకు సిమెంటు లేని రోజుల్లో దీనిని కట్టడం మీద నగరవాసులు ఘాటుగా విమర్శించారు. మన రెండు ప్రశ్నలను ఈ నాలుగింటికీ వేసి చూడండి.

ఇక్కడి నుంచి నడక దూరంలోనే 1956 నాటి ఫోక్సా మేడ, 1930 నాటి నాసియొనాల్ హోటల్ ఉన్నాయి. ఫ్లాట్ల చట్టం తర్వాత ఎత్తు కట్టడాలు ఎలా పెరిగాయో ఫోక్సా చూపిస్తుంది. విప్లవం తర్వాతి గృహనిర్మాణం చూడాలంటే రేవుకు తూర్పున ఉన్న హవానా దెల్ ఎస్తె, దాని అవతల 1970లలో నివాసులే బృందాలుగా ఏర్పడి కట్టుకున్న అలమార్ వరకు వెళ్లాలి. గైడ్లు అక్కడికి తీసుకెళ్లరు, కానీ అధ్యయనానికి అది తప్పనిసరి.

9. దృశ్యకళ: గాజు నుంచి కాన్వాసుకు, అక్కడి నుంచి గోడకు

జాతీయ లలితకళా మ్యూజియానికి రెండు భవనాలు ఉన్నాయి. సమయం తక్కువైతే క్యూబా కళ ఉన్న భవనం ఒక్కటే చూడండి. మ్యూజియంలు సాధారణంగా సోమవారం మూసి ఉంటాయి.

వలస కాలపు గదులను త్వరగా దాటి, 1920ల గదుల్లో నెమ్మదించండి. విక్టర్ మనుయేల్ 1929లో గీసిన 'హితానా త్రొపికాల్', కార్లోస్ ఎన్రీకెస్ 1938 నాటి 'ఎల్ రాప్తో దె లాస్ ములాతాస్', విఫ్రేదో లామ్ 1943 నాటి 'లా సియా' ఈ మూడింటినీ ఒకే పూట చూడాలి. ఒక్క అమేలియా పెలాయెస్ దగ్గర మాత్రం స్కెచ్ పుస్తకం తెరవండి. ఆమె చిత్రాల్లో రంగులను విడదీసే మందపాటి నల్లగీతలు, మీరు 7వ అంచెలో గీసిన కిటికీ గాజు చట్రాల్లాగే సాగుతాయి. హవానా లిబ్రే ముఖద్వారం మీది నీలి మొజాయిక్ గోడ ఆమెదే. కిటికీ, కాన్వాసు, గోడ అనే వరుసలో చూసినవారికి మాత్రమే ఈ సంబంధం అందుతుంది. అందుకే మ్యూజియాన్ని మొదటి రోజే పెట్టుకోవద్దంటాను.

పోస్టర్ల విషయానికి వస్తే, 1959లో ఏర్పడిన సినిమా సంస్థ ఇకాయిక్ ప్రతి సినిమాకూ సిల్క్‌స్క్రీన్ (తెర గుండా ఒక్కో రంగునూ విడిగా అద్దే పద్ధతి) పోస్టర్లు వేయించేది. మూన్యోస్ బాక్స్, అస్కుయ్, రొస్త్‌గార్డ్, రెబోయిరో, న్యీకో ఆ పని చేసిన ముఖ్యులు. విదేశీ సినిమాలకు కూడా నటుల ఫోటోలు పెట్టకుండా ఒక్క భావాన్ని పట్టుకుని గీసేవారు. సిరా, కాగితం కొరత వల్ల రంగులు తక్కువ, ఆకారాలు పెద్దవి. అసలు పోస్టరును పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుంటే ఒక్కో రంగు పొర అంచు కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అచ్చు యంత్రంలో వేసిన నకలులో ఆ పొర ఉండదు.

1966లో ఏర్పడిన త్రిఖండ సంఘీభావ సంస్థ ఒస్పాల్ మరో దారి పట్టింది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా పోరాటాలపై పోస్టర్లను పత్రిక లోపల మడిచి ప్రపంచమంతా పంపింది. పాత ప్రతుల్లో ఆ మడత గీతలను లోపంగా చూడవద్దు. ఆ పోస్టరు ప్రయాణం చేసిందనడానికి అవే సాక్ష్యం.

కెథడ్రల్ చౌకు పక్క సందులో 1962 నుంచి నడుస్తున్న గ్రాఫిక్ కళల వర్క్‌షాపులో లిథోగ్రఫీ రాళ్ల మీద పనిచేయడం చూడవచ్చు. ప్లాజా వియేహాలోని ఫొటోతెకాలో ఛాయాచిత్ర ప్రదర్శనలు ఉంటాయి. కళాఖండం కొంటే దేశం దాటించడానికి సాంస్కృతిక ఆస్తుల రిజిస్ట్రీ అనుమతి పత్రం కావాలి. అమ్మేవారినే అడిగి తీసుకోండి.

10. కుబనకాన్ కళాశాలలు

ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఒక రోజును పూర్తిగా దీనికే ఉంచుకోవాలి. హవానా పడమటి వైపున్న కుబనకాన్‌లో, పాత కంట్రీ క్లబ్ గోల్ఫ్ మైదానంలో ఐదు కళాశాలలు కట్టాలని 1961లో నిర్ణయించారు. రికార్దో పోర్రో, విత్తోరియో గరత్తీ, రొబెర్తో గొత్తార్దీ రూపకర్తలు. ఉక్కు, సిమెంటు దొరకడం కష్టమైనందున స్థానిక ఇటుకతో, పలుచటి పెంకులను పొరలుగా పేర్చే కతలాన్ కప్పులతో కట్టారు. 1965లో పనులు నిలిచిపోయాయి. పోర్రో చిత్రకళా శాల వాడుకలో ఉంది. గరత్తీ నాట్యశాల పూర్తికాకుండానే అడవి పట్టింది.

ఇది నడుస్తున్న విశ్వవిద్యాలయం కాబట్టి ముందుగా అనుమతి అడిగి, తరగతులకు అడ్డుపడకుండా చూడాలి. కప్పు కింద నిలబడి ఇటుక వరుసల దిశ ఎక్కడ మారుతోందో గీయండి. బరువు ఎటు దిగుతోందో ఆ గీతలే చెబుతాయి.

11. సియెన్‌ఫ్యూగోస్, ట్రినిదాద్

సియెన్‌ఫ్యూగోస్‌ను 1819లో ఫ్రెంచి వలసదారులు తిన్నని గళ్లతో వేశారు. దీనికి ఒక రోజు చాలు. మార్తీ పార్కు చుట్టూ నడిచి, తొమాస్ తెర్రీ నాటకశాలను చూడండి. తెర్రీ సంపాదన చక్కెరతో, బానిసలతో ముడిపడినది.

ట్రినిదాద్‌కు కనీసం మూడు రాత్రులు కేటాయించండి. రాళ్లు పరిచిన వీధులు, నేల దాకా దిగే చెక్క ఊచల కిటికీలు ఉన్న ఊరిలో అందరూ ఫోటోలతో సరిపెట్టుకుని వెళ్లిపోతారు. ముందు పట్టణంలోని ఆర్కిటెక్చర్ మ్యూజియంలో చెక్క పైకప్పుల, కిటికీల నిర్మాణం అర్థం చేసుకోండి. మరునాడు చక్కెర మిల్లుల లోయకు వెళ్లండి. అక్కడ మనాకా ఇస్నాగాలో సుమారు 45 మీటర్ల గోపురం ఉంది. పొలంలో బానిసల పని వేళలను దాని గంట శాసించేది, పైనుంచి వారిని కనిపెట్టేవారు. గోపురం ఎక్కి దిగాక మూడో రోజు మళ్లీ పట్టణంలోని మేడల్లోకి వెళ్లి పాలరాయి నేలను, దిగుమతి చేసుకున్న పింగాణీని చూడండి. పట్టణం, లోయ, మళ్లీ పట్టణం అనే ఈ క్రమాన్ని మార్చవద్దు.

12. తరచు జరిగే పొరపాట్లు, వాటి సవరణ

- "కాలం ఆగిపోయిన దేశం" అనుకోవడం. పాత కార్ల లోపల డీజిల్ ఇంజన్లు మార్చుకుంటారు, ఇళ్ల లోపల అంతస్తులు మారతాయి. మారనిదాని ఫోటోకు బదులు మారినదాని జాబితా రాయండి. కారులో సెల్ఫీ దిగవద్దని కాదు, అది నోట్సు కాదని మాత్రమే.
- పెచ్చులూడిన గోడలనే వెతకడం. ఒక శిథిల గోడను తీస్తే, దాని పక్కన బాగున్న ఇంటిని కూడా తీసి, తేడాకు కారణం అడగండి.
- మనుషులను దృశ్యాలుగా చూడటం. ముందు పలకరింపు, తర్వాత అనుమతి, ఆ తర్వాతే కెమెరా. పోలీసులను, సైనికులను తీయవద్దు. రాజకీయాలు వారు ఎత్తితే వినండి, మీరు గుచ్చి అడగవద్దు. నోట్సులో పేర్లు రాయవద్దు.
- మ్యూజియం మూసి ఉంటే రోజు వృథా అయిందనుకోవడం. ప్రతి రోజుకూ వీధిలో చేయగల ప్రత్యామ్నాయ పని ఒకటి ముందే రాసుకోండి. కరెంటు లేకపోయినా వరండాలు, కిటికీలు ఎక్కడికీ పోవు.
- వినిన కథలన్నీ నమ్మడం. ప్రతి బార్లోనూ ఒక ప్రసిద్ధ రచయిత కూర్చున్న కుర్చీ ఉంటుంది. "విన్నది", "చూసినది", "రుజువైనది" అని మూడు గుర్తులు పెట్టుకోండి.

13. ప్రతి రాత్రి, తిరిగి వచ్చాక

రాత్రి కరెంటు ఉన్నా లేకపోయినా అరగంట ఈ పనులకు ఇవ్వండి:

- ఆ రోజు పేజీలకు చిరునామా, తేదీ, వేళ రాయడం
- ఫోటో సంఖ్యను స్కెచ్ పక్కన నమోదు చేయడం
- కాలపట్టిక కుడివైపు కొత్త పేర్లు చేర్చడం
- ఫోటోలను రెండో కార్డులోకి కాపీ చేయడం (ఇంటర్నెట్‌లోకి ఎక్కించడం సాధ్యపడదనే అనుకోండి)

ఇంటికి వచ్చిన పది రోజుల లోపు పేజీలన్నిటినీ స్కాన్ చేసి, ఊరు, వీధి, కాలం అనే క్రమంలో ఫైళ్లకు పేర్లు పెట్టండి. అడుగున ఖాళీగా వదిలిన జవాబులను ఒకచోట చేర్చండి. ఏ కట్టడాల దగ్గర ఖాళీలు ఎక్కువగా మిగిలాయో చూస్తే, ఆర్కైవ్‌లో వెతకవలసిన దస్తావేజుల జాబితా దాదాపు తయారైనట్లే. విద్యా వీసా కోసం క్యూబా సంస్థకు రాసే లేఖకు ఆ జాబితాను జతచేయండి.